తెగాల్సిన నూలు

పొందూరులో కూర్మమ్మ వడికిన నూలు తెగదన్న సంగతి అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే కూర్మమ్మే చెప్పేది. పెళ్ళికి వెళ్ళినా చెప్పేది, పరామర్శకు వెళ్ళినా చెప్పేది. ముప్పై ఏళ్ళ నుంచి రాట్నం ముందు కూర్చున్న మనిషి ఆ మాత్రం చెప్పుకుంటే తప్పేముందని ఊరు కూడా ఊరుకునేది.

అయితే ఆ గొప్ప వెనక ఒక కడుపుమంట ఉంది. దాని పేరు జగ్గమ్మ.

జగ్గమ్మ ఆమె తోడికోడలు, మరిది త్రినాథ్ పెళ్ళాం. కూర్మమ్మ కన్నా పదేళ్ళు చిన్నది. రెండు కాపురాలూ ఒకే పెంకుటింట్లో, మధ్య గోడకు చెరోవైపు. ఇరవై రెండేళ్ళ కిందట జగ్గమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజున చూడవచ్చిన ఆడవాళ్ళంతా "బొమ్మలాగున్నాది" అన్నారు. అని, మర్యాదకు కూర్మమ్మ వైపు తిరిగి "పెద్దకోడలు మరీ పనిమంతురాలు" అన్నారు. ఆడదాన్ని పట్టుకుని పనిమంతురాలన్నారంటే మొహం ఊసు ఎత్తకుండా దాటేశారని అర్థం. ఆ మాత్రం కూర్మమ్మకు తెలుసు.

ఆ రోజే ఆమె దేవుడితో ఒక ఒప్పందం చేసుకుంది. మొహం దానికిచ్చావు, సరే. నూలు మాత్రం నాది. ఇరవై రెండేళ్ళూ దేవుడు ఆ మాట మీదే ఉన్నాడు. జగ్గమ్మ రాట్నం ముందు కూర్చుంటే నాలుగు మూరలకోసారి నూలు తెగేది. తెగినప్పుడల్లా "అయ్యో, పోనాది" అనేది. గోడకు ఇవతల ఆ మాట విన్నప్పుడల్లా కూర్మమ్మకు ఎండాకాలంలో మజ్జిగ తాగినట్టుండేది. "దాని సెయ్యి మంచిది కాదు, ఏటి సేత్తాం" అని పక్కింటి అసిరమ్మతో జాలిగా అనేది. జాలి పైకి మాత్రమే.

ఆ ఒప్పందాన్ని మొన్న మాఘమాసంలో టీవీ వాళ్ళు వచ్చి చెడగొట్టారు.

హైదరాబాదులో ఏదో ఛానెల్ 'పొందూరు కోడలు' అని కొత్త సీరియల్ మొదలుపెడుతోంది. దాని ప్రోమో ఎలా తీయాలో ఆలోచించుకోవడానికి నలుగురు మనుషులు అరసవల్లిలో లాడ్జిలో దిగి, వ్యాను వేసుకుని పొందూరు వచ్చారు. బజార్లో నిలబడి రాట్నం ఎక్కడ చూడొచ్చని అడుగుతుంటే, మగ్గానికుండే దువ్వెనలాంటి పన్నె సరిచేయించుకుందామని బయల్దేరిన జగన్నాధం విన్నాడు. కూర్మమ్మ మొగుడు అతనే. "రాట్నం సూడాలంటే మా ఇంటికి రండి బాబూ, మా ఇంటిది ఉన్నాది" అని, పన్నె సంగతి మరిచిపోయి వాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చినవాళ్ళలో పెద్ద యుగంధర్. దర్శకుడు. గడ్డం, తలమీద టోపీ, ఏ మాట మాట్లాడినా సెకన్లలోనే. అతని పక్కన వినోద్ అని రాసే మనిషి. అతనిది గజపతినగరం. ఈ ప్రాంతం మాట తెలిసినవాడు ఒకడుండాలని పెట్టుకున్నారు. ఇద్దరూ వసారాలో చాప మీద కూర్చుని, తెల్లకాగితం మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేస్తున్నారు.

"ప్రోమో అంటే ఏటి బాబూ?" అని అడిగింది కూర్మమ్మ.

"సీరియల్ మొదలయ్యే ముందు టీవీలో మాటిమాటికీ వేస్తారమ్మా. నలభై సెకన్లు. అది చూసి జనం సీరియల్ కోసం ఎదురుచూడాలి" అన్నాడు యుగంధర్.

"దండోరా అన్నమాట."

"దండోరాయే పిన్నీ" అని వినోద్ నవ్వాడు.

యుగంధర్ కాగితం ఆమె వైపు తిప్పాడు. మొదటి గడిలో రాట్నం. దాని పక్క గడిలో నూలు తీస్తున్న చెయ్యి. ఆ తర్వాత గడప మీద పసుపు రాసుకున్న పాదం, తెగిన దారం, చివర్న ఒక ఆడమనిషి మొహం. ఆ మొహానికి ఇంకా కళ్ళూ ముక్కూ వేయలేదు.

"అత్తగారు నూలు వడుకుతూ ఉంటుంది. కొత్త కోడలు గడపలో కాలు పెడుతుంది. సరిగ్గా అప్పుడు దారం తెగుతుంది. అత్త మొహం మారుతుంది. పది సెకన్లు, అంతే. కోడలి భాగం ముప్పై సెకన్లూ హైదరాబాదులోనే తీసేశాం. ఈ పది సెకన్లకు మాత్రం రంగు పూసుకున్నవాళ్ళు వద్దు. అసలైన పొందూరు మనిషి కావాలి. మొహం తెర నిండా కనబడుతుంది. రెండు రాష్ట్రాల్లో రోజుకు ముప్పైసార్లు వేస్తాం."

అతను చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, కూర్మమ్మ లోపలికి వెళ్ళింది. పెట్టె అడుగున దాచుకున్న పొందూరు ఖద్దరు చీర తీసి కట్టుకుంది. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుంది. అద్దంలో చూసుకుని, యాభై రెండేళ్ళకు దేవుడికి బుద్ధొచ్చిందనుకుంది. నూలు ఎప్పుడో ఇచ్చాడు. ఇప్పుడు మొహం కూడా ఇస్తున్నాడు.

వచ్చి రాట్నం ముందు కూర్చుంది. యుగంధర్ ఫోను పట్టుకుని చూడటం మొదలుపెట్టాడు. కుడిచేత్తో చక్రం తిరుగుతోంది, ఎడమచేతి వేళ్ళ మధ్య ఏకులోంచి నూలు సాగి కదురు మీదికి ఎక్కుతోంది. ఏకు అంటే దూదిని శుభ్రం చేసి చుట్టిన వేలెడు వత్తి. అందులోంచి కంటికి కనబడీ కనబడనంత సన్నంగా నూలు వస్తోంది. ఐదు నిమిషాలైంది. పదైంది. పావుగంట అయింది.

"ఎప్పుడు తెగుతుందమ్మా?" అన్నాడు యుగంధర్.

"నా నూలు తెగదు బాబూ" అంది కూర్మమ్మ గర్వంగా.

"తెగాలమ్మా. తెగడమే కదా మనకు కావాల్సింది. కొంచెం గట్టిగా లాగండి."

కూర్మమ్మ చక్రం ఆపింది. "అదెక్కడి మాట బాబూ! తెగితే అతుక్కుంటాం గానీ, బాగున్న నూలు సేత్తో తెంపకూడదు. తెంపితే ఇంట్లో మడుసులు ఇడిపోతారు. మా అత్త నా పెళ్ళైన ఏడాదే సెప్పినాది."

"కత్తెరతో మేము కోస్తాం."

"మీరు కోసినా నా సేతిలో కోసినట్టే కదేటి."

యుగంధర్ వినోద్ మొహం చూశాడు. వినోద్ తల అడ్డంగా ఊపాడు. "కోస్తే తెలిసిపోతుంది సార్. దారం దానంతటది తెగితే చివర పీచు లేస్తుంది. ఇక్కడ ఆడవాళ్ళు చూడగానే పట్టేస్తారు."

అప్పుడు వచ్చింది జగ్గమ్మ, స్టీలు పళ్ళెంలో టీ గ్లాసులు పట్టుకుని. పాపం, మర్యాదకే వచ్చింది. యుగంధర్ టీ గ్లాసు తీసుకుని, ఆమె మొహం చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"మీకు వడకడం వచ్చా అమ్మా?"

"వస్తాది గానీ బాబూ, మా అక్కలాగ రాదు. ఊరికే తెగిపోతాది" అంది జగ్గమ్మ సిగ్గుపడుతూ.

"ఒకసారి కూర్చోండి."

కూర్మమ్మ లేవాల్సి వచ్చింది. జగ్గమ్మ తన గదిలోంచి తన రాట్నం, తన ఏకులు తెచ్చుకుని కూర్చుంది. నాలుగు మూరలు వచ్చాయో లేదో నూలు తెగింది. జగ్గమ్మ పెద్దకళ్ళు ఇంకా పెద్దవి చేసి, కింది పెదవి కొంచెం బయటపెట్టి, "అయ్యో, పోనాది!" అంది.

యుగంధర్ చాప మీంచి లేచి నిలబడ్డాడు. "అదీ! ఆ మొహం! వినోద్, రాసుకో. రేపు ఉదయం ఏడింటికి, తూర్పు వెలుగు వసారాలో పడుతున్నప్పుడు. ఈవిడే." కాగితం మీద ఖాళీగా ఉన్న మొహానికి పెన్సిలుతో రెండు పెద్దకళ్ళు గీశాడు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చెవుల బాధ చెవులకే తెలుస్తుంది. కూర్మమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఆ రెండు కళ్ళనూ చూసింది. పని రాక ఓడిపోతే మనిషి ఏదో సర్దుకుంటుంది. పని వచ్చినందుకు ఓడిపోతే ఎవరితో చెప్పుకోవాలి? నూలు బాగా వడికినందుకు తనను తీసేశారు. నూలు చెడగొట్టినందుకు దాన్ని పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళు కూర్మమ్మ చెవికి ఇంపుగా ఉన్న ఆ "అయ్యో, పోనాది" ఇకనుంచి రెండు రాష్ట్రాల్లో రోజుకు ముప్పైసార్లు వినబడుతుంది.

"సూసినావా, పనొచ్చినోలికి పని నేకుండా పోనాది" అని జగన్నాధం నవ్వాడు. ఆ మధ్యాహ్నం అతనికి చారు తప్ప ఇంకేమీ దొరకలేదు.

తిన్నాక జగ్గమ్మ గోడ దాటి వచ్చింది. "అక్కా, రేపటికి నీ పొందూరు సీర ఒకపాలి ఇస్తావేటి? నాకున్నవన్నీ పువ్వులవే. ఆ బాబు తెల్లది కట్టుకోమన్నాడు."

"ఉతకడానికేసినాను" అంది కూర్మమ్మ. ఆ చీర అప్పటికి ఆమె ఒంటిమీదే ఉంది.

జగ్గమ్మ ఆ చీర వంక చూసింది, అక్క వంక చూసింది. "సరేలే అక్కా" అని వెళ్ళిపోయింది. శ్రీకాకుళం వెళ్ళి ఒక తెల్లచీర కొనుక్కుని, అలాగే బ్యూటీ పార్లర్లో కనుబొమలు దిద్దించుకొస్తానని త్రినాథ్ బండెక్కింది.

బండి చప్పుడు సందు చివర ఆగిపోయేదాకా కూర్మమ్మ వసారాలోనే కూర్చుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుంది ఆమెకు. జగ్గమ్మ వాకిలి దాటి నడిచిన తీరు కూడా నచ్చలేదు. తనకు దక్కనిది దానికీ దక్కకూడదు. ఎలా? రాట్నం విరగ్గొడితే ఇంకోటి తెస్తారు. కదురు వంచితే నూలు ఇంకా బేగి తెగుతుంది, వాళ్ళకు కావాల్సింది అదే. అక్కడికి వచ్చి ఆమె ఆలోచన ఆగింది. వాళ్ళకు కావాల్సింది తెగడం. అయితే తెగకూడదు. రేపు కెమెరా ముందు జగ్గమ్మ నూలు తెగకుండా వచ్చిందంటే, ఆ గడ్డం మనిషి గంటసేపు చూసి, విసుగెత్తి, మూటాముల్లె సర్దుకుని పోతాడు.

కూర్మమ్మ లేచి పెట్టె తెరిచి వాలుగ చేప దవడ తీసింది. ఆ దవడకుండే సన్నటి పళ్ళతో కొండపత్తిని దువ్వితేనే చెత్తా నలుసూ పోయి పట్టులాంటి దూది వస్తుంది. జగ్గమ్మ కాపురానికొచ్చిన ఏడాదే, అత్త కన్నుమూసే ముందు ఇంట్లో ఉన్న మంచి దవడను పెద్దకోడలి చేతిలో పెట్టింది. అరిగిపోయినదొకటి చిన్నకోడలికి పోయింది. ఇద్దరూ వాడుకోండే అని కూడా అత్త అన్నట్టుంది గానీ, ఆ మాట కూర్మమ్మకు సరిగ్గా వినబడలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా ఆమె తలెత్తలేదు. గింజగింజకూ అంటిన పత్తిని దువ్వింది. గింజలు తీసింది. దూదిని చిన్న విల్లుతో ఏకి, పొగలా లేచేదాకా మెత్తన చేసింది. పన్నెండు ఏకులు చుట్టింది. సొంత కూతురి పెళ్ళిచీర నూలుకు కూడా ఇంత శ్రద్ధగా చేయలేదు. ఎవరైనా పగవాళ్ళ కూరలో ఉప్పు ఎక్కువేస్తారు. కూర్మమ్మ నెయ్యి వేస్తోంది.

జగ్గమ్మ ఇంకా తిరిగి రాకముందే ఆమె గదిలోకి వెళ్ళి, బుట్టలో ఏకులు చుట్టిపెట్టుకున్న అరటిపట్ట మడత విప్పి, అందులో ఉన్న గరుకు ఏకులు తీసేసి తనవి పెట్టి, మడత మళ్ళీ ఉన్నట్టే వేసింది. బయటికొచ్చి అరసవల్లి దిక్కుకు తిరిగి చేతులు జోడించింది. "సూర్యనారాయణమూర్తీ, రేపు దాని నూలు తెగకుండా సూడు తండ్రీ" అంది. తోడికోడలి నూలు బాగుండాలని ఆమె మొక్కుకోవడం అదే మొదలు.

మర్నాడు ఏడింటికి వసారా అంతా తీగలు, లైట్లు. అసిరమ్మతో సహా వీధి ఆడవాళ్ళంతా వాకిట్లో నిలబడ్డారు. జగ్గమ్మ కొత్త తెల్లచీరలో రాట్నం ముందు కూర్చుంటే వసారాకే కళ వచ్చింది. ఆ సంగతి కూర్మమ్మకు కనబడింది గనకనే ఇంకా మండింది. యుగంధర్ చిన్న తెర ముందు కూర్చున్నాడు. "మీ పని మీరు చేసుకుంటూ ఉండండమ్మా. మమ్మల్ని చూడొద్దు. అది తెగినప్పుడు నిన్నటిలాగే అనండి" అన్నాడు.

జగ్గమ్మ అరటిపట్ట విప్పి ఒక ఏకు తీసింది. తీసి ఆగింది. బొటనవేలితో దాన్ని ఒకసారి నిమిరింది. తలెత్తి గుంపులో వెతికి కూర్మమ్మను చూసింది. కూర్మమ్మ పెరట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి రాట్నం తిరుగుతోంది.

నాలుగు మూరలు వచ్చింది నూలు. పది మూరలు వచ్చింది. కదురు నిండుతోంది. రెండు నిమిషాలైంది, ఐదైంది.

"ఓలమ్మ, జగ్గి నూలేనా ఇది!" అంది అసిరమ్మ గుసగుసగా. యుగంధర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కూర్మమ్మకు నవ్వు ఆగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోతున్నాది, సూడు, అంతా పోతున్నాది అనుకుంది.

కొంగు చాటునుంచే ఆమె జగ్గమ్మ చెయ్యి చూసింది. ఎవరు చూసినా మొహం చూస్తారు. ఆ చెయ్యి ఎలాంటిదో చూసి చెప్పగలిగింది ఆ వాకిట్లో కూర్మమ్మ ఒక్కతే. ఏకును నలపకుండా పట్టుకుంది. లాగాల్సిన చోట లాగుతోంది, వదలాల్సిన చోట వదులుతోంది. చక్రం ఎక్కడా తూలడం లేదు. అది చెడ్డ చెయ్యి కాదు. ఎప్పుడూ కాదు. మంచి దూది పడని చెయ్యి, అంతే. ఇరవై రెండేళ్ళు దవడ పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, గోడకు ఇవతల కూర్చుని దాని చెయ్యి మంచిది కాదని తనే ఊరంతా చెప్పింది. కూర్మమ్మ నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఇక లాభం లేదు. ఒక్కసారి గట్టిగా లాగెయ్యండి. తెగిపోతుంది" అన్నాడు యుగంధర్.

జగ్గమ్మకు వినబడిందో లేదో తెలియదు. ఆమె లాగలేదు. నూలు వైపే చూస్తోంది. సిగ్గు లేదు, పెద్దకళ్ళు చేయడం లేదు, పెదవి బయటపెట్టడం లేదు. తన చేతిలోంచి అది వస్తోందని తనే నమ్మలేనట్టు చూస్తోంది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ పని ఉంది.

"సార్" అన్నాడు వినోద్ మెల్లగా. "ఆపకండి. మొహం చూడండి."

యుగంధర్ చూశాడు. చాలాసేపు చూశాడు. పక్కన పడి ఉన్న కాగితం తీసుకుని, తెగిన దారం ఉన్న గడి మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. "తెగొద్దు వినోద్. తెగితే వంద సీరియళ్ళలో ఒకటి. కోడలు గడపలో కాలు పెడుతుంది, అందరూ తెగుతుందనుకుంటారు, తెగదు. మాట మార్చి రాయి. 'ఎవరు అడుగుపెట్టినా ఈ ఇంటి దారం తెగదు.' తెగకపోవడమే మన ప్రోమో."

ఏకు మేకవడం అంటే ఏమిటో కూర్మమ్మకు అప్పుడు తెలిసింది. నిన్న తను కూర్చున్నదీ ఇక్కడే. నిన్న పావుగంటసేపు తెగనిదీ ఈ నూలే. తెగలేదని నిన్న తనను లేపేశారు. తెగలేదని ఇవాళ దానికి నీరాజనం పడుతున్నారు. మొహం ముందే దానిది. ఇప్పుడు నూలు కూడా దానిదే అయిపోయింది. అదీ తనే చేతులారా చుట్టి, మోసుకెళ్ళి, దాని బుట్టలో పెట్టింది.

"అవి నా ఏకులు!" అని అరిచేసింది కూర్మమ్మ. "ఆ నూలు నాది!"

వాకిలంతా ఇటు తిరిగింది. రాట్నం ఆగింది. యుగంధర్ చేతితో కెమెరా ఆపమని సైగ చేశాడు.

"మీ ఏకులా?" అన్నాడు. "మీవి ఆవిడ బుట్టలోకి ఎలా వచ్చాయమ్మా?"

కూర్మమ్మ నోరు తెరిచింది. ఉన్నది చెబితే నూలు దక్కుతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే పరువు దక్కుతుంది, నూలు పోతుంది. అసిరమ్మ మెడ చాచి చూస్తోంది. కుడితిలో పడ్డ ఎలుకకు కూడా ఏదో ఒక అంచు దొరుకుతుంది. ఆమెకు అదీ దొరకలేదు.

"అక్కే ఇచ్చినాది బాబూ" అంది జగ్గమ్మ, రాట్నం ముందునుంచి లేవకుండానే. "నానే అడిగినాను. టీవీలో కనబడతాను కదా, నీ ఏకులియ్యవే అన్నాను. నిన్న మద్దేనం నుంచి కూకుని నాకోసం సేసినాది. ఆ మాటే సెప్తన్నాది, మరేటీ కాదు."

వాకిట్లో ఆడవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. యుగంధర్ లేచి వచ్చి కూర్మమ్మకు దండం పెట్టాడు. "నిన్న మిమ్మల్ని కాదన్నా, ఆవిడ కోసం ఇంత చేశారా! ఎంత పెద్ద మనసమ్మా మీది" అన్నాడు. వినోద్ కాగితాలు సర్దుకుంటూ, "ఇలాంటి తోడికోడళ్ళను సీరియల్లో పెడితే జనం నమ్మరు సార్" అన్నాడు.

దొంగతనం బయటపడి నలుగురూ తిట్టినా కూర్మమ్మకు అంత నొప్పి పుట్టేది కాదు. అందం దానిదైంది, నూలు దానిదైంది. ఇక మిగిలింది మంచితనం. అందులో కూడా అదే ముందు నిలబడింది. నిలబడి, అందులోంచి కొంత తీసి తనకు దానం చేసింది.

వ్యాను వెళ్ళిపోయాక ఆమె పెరట్లోకి నడిచింది. జగ్గమ్మ నూతి గట్టు దగ్గర మొహానికి రాసిన పౌడరు కడుక్కుంటోంది.

"ఎందుకే అబద్ధమాడినావు?" అంది కూర్మమ్మ. దెబ్బలాటకు సిద్ధమయ్యే వచ్చింది. "నాను నీకోసం సెయ్యనేదు. నీ సూటింగు సెడిపోవాలనే పెట్టినాను. నీ మొహం టీవీలో రాకూడదనే పెట్టినాను. ఇన్నావేటి?"

"తెలుసక్కా" అంది జగ్గమ్మ, మొహం తుడుచుకుంటూ. "ఏకు సేతిలోకి రాగానే తెలిసినాది. సీర ఇవ్వనిదానివి ఏకులిస్తావేటి."

"తెలిసీ తెంపనేదేటి? ఆ బాబు లాగమన్నాడు కదా. ఒక్క లాగుడు లాగితే నీ పనైపోయేది."

"లాగేద్దామనే కూకున్నాను. ఏకు నీదైతే నాకేటి, తెంపి నా మొహం నాను సూపించుకుందామనే అనుకున్నాను." జగ్గమ్మ తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. "నూలు వస్తావుంటే సెయ్యి రానేదక్కా. నువ్వు గోడవతల రోజూ వడుకుతావు, నీకేటి తెలుస్తాది? ఇరవై రెండేళ్ళకి ఒక్కపాలి నీ ఏకులు నా సేతికొచ్చినాయి. ఎందుకొచ్చినాయని అడగతానేటి?"

జగ్గమ్మ కోప్పడితే బాగుండేది. దవడ ఎందుకు దాచావని నిలదీస్తే ఇంకా బాగుండేది, కూర్మమ్మ దగ్గర పది సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. జగ్గమ్మ అవేమీ అడగకుండా తువ్వాలు దండెం మీద ఆరేసి లోపలికి పోయింది.

పదిహేను రోజులకు ప్రోమో వచ్చింది. సాయంత్రం ఏడింటికి ఏదో పాత సీరియల్ మధ్యలో వేస్తారని వినోద్ ఫోను చేసి చెప్పాడు. పెద్ద టీవీ కూర్మమ్మ ఇంట్లోనే ఉండటంతో వీధి ఆడవాళ్ళంతా ఆమె ముందుగదిలోనే చేరారు. జగ్గమ్మ అందరికన్నా వెనక, గుమ్మం దగ్గర కూర్చుంది.

మొదట రాట్నం కనబడింది. తర్వాత చెయ్యి, ఆ చేతిలోంచి సాగుతున్న నూలు. గడప మీద పసుపు పాదం పడింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. తెగలేదు. తెర నిండా జగ్గమ్మ మొహం వచ్చింది, కళ్ళలో నీళ్ళతో. "ఎవరు అడుగుపెట్టినా ఈ ఇంటి దారం తెగదు" అని ఎవరిదో బరువైన గొంతు పలికింది. జగ్గమ్మ కనబడింది పది సెకన్లే. గదంతా చప్పట్లు. మొహం అంత బాగా వస్తుందని కూర్మమ్మ కూడా అనుకోలేదు. అనుకోనందుకు ఇంకొంచెం మండింది.

చప్పట్లు తగ్గాక అసిరమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "మొహం జగ్గిదైతే ఏటిలే కూర్మమ్మా. నూలు నీదే కదా, ఆ పొద్దు నువ్వే అన్నావు కదా. పాపం, నీ పేరు సెప్పకుండా ఒగ్గేసినారు."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. అవును నాదే అంటే చాలు. కాదనేవాళ్ళు లేరు. గుమ్మం దగ్గర కూర్చున్న జగ్గమ్మ కూడా కాదనదు, సరికదా, అవును, అక్కదే అని తనే ముందుగా అంటుంది. అనడానికి అప్పుడే నోరు తెరుస్తోంది కూడా. కూర్మమ్మకు అది కనబడింది. ఈసారి దాన్ని ముందుగా అననివ్వదలచుకోలేదు.

"ఏకులు నావి" అంది గట్టిగా. గుమ్మం వైపు చూడకుండా మళ్ళీ అంది. "వడికింది జగ్గి. నూలు దానిది."

అని లేచి వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడింది. ముందుగదిలో ప్రోమో మళ్ళీ వేసినట్టున్నారు, రాట్నం చప్పుడు వినబడుతోంది. కడుపులో మంట తగ్గలేదు. నిజం చెబితే తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అనుకోనూ లేదు.